వీగిపోయే వీలున్న వాదం
(స్మారకోపన్యాస పాఠం)

ఒక ఆచార్యుడు గతించాక ఆయన పేరిట ఏటా సభ జరుపుకుంటాం, శాఖలో గోడకు ఆయన పటం తగిలిస్తాం. ఆయన పొద్దంతా దేనికి ఖర్చయిందో, ఆ సిద్ధాంత గ్రంథాలను మాత్రం మళ్లీ తెరవం. నల్లటి రెక్సిన్ అట్టలతో, వెన్ను మీద బంగారు రంగు అక్షరాలతో అవి గ్రంథాలయంలో వరసగా నిలబడి ఉంటాయి. ఇంటికిచ్చే పుస్తకాల లెక్కలోకి రావు కనక ఎవరైనా తీసుకెళ్లారో లేదో చెప్పే తేదీ ముద్రలు కూడా వాటిలో కనిపించవు. అందువల్ల ఈ పూట స్తుతివాక్యాలు పక్కన పెట్టి ఆ గ్రంథాల గురించే మాట్లాడుకోవడం ఆచార్యుల స్మృతికి తగిన పని అనుకుంటున్నాను. తెలుగు శాఖల్లో పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథం ఎలా తయారవుతోంది, దాన్ని ఎలా తలపెట్టాలి, ఎలా రాయాలి అన్నది నా విషయం. చరిత్రకూ తత్త్వశాస్త్రానికీ కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది గానీ, ఉదాహరణలు మాత్రం తెలుగు సాహిత్యం నుంచే తీసుకుంటాను.

సిద్ధాంత గ్రంథం ఎలక్ట్రానిక్ ప్రతిని కూడా సమర్పించాలని యూజీసీ 2009లో నిబంధన పెట్టింది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధగంగ పుణ్యమా అని ఇప్పుడు ఈ గ్రంథాలు చూడటానికి ఊరూరా తిరగనక్కర్లేదు. తెలుగు శీర్షికల జాబితా ఒక గంట సేపు చూస్తే చాలు, ఒక తీరు కళ్లకు కడుతుంది. ఫలానావారి నవలలు – సమగ్ర పరిశీలన. ఫలానావారి జీవితం – సాహిత్యం. ఫలానావారి కథలు – సామాజిక స్పృహ. ఫలానా ప్రాంత కథల్లో జనజీవన చిత్రణ. లోపలికి వెళితే అధ్యాయాల వరసా అంతే. మొదటి అధ్యాయం ఆ ప్రక్రియ ఆవిర్భావ వికాసాలు, రెండోది రచయిత జీవిత విశేషాలు, మూడోది వస్తువు, నాలుగోది పాత్ర చిత్రణ, ఐదోది శిల్పం, భాష, శైలి. చివర ఉపసంహారం, దాని వెనక రచయితతో ముఖాముఖి, కొన్ని ఫొటోలు. ఈ అచ్చులో బుచ్చిబాబును పోసినా, వాసిరెడ్డి సీతాదేవిని పోసినా దిగే బొమ్మ ఒకటే. ఈ వరస మీద ఇప్పటికే చాలా హాస్యాలు ఉన్నాయి, నేనింకొకటి చేర్చను. విద్యార్థులు సోమరులని, గైడ్లు పట్టించుకోరని చెప్పి చేతులు దులుపుకోవడం కూడా తేలిక. ఆ గ్రంథాల్లో చాలావాటి వెనక ఏళ్ల తరబడి చేసిన కష్టం ఉంది. ఆ కష్టానికి తగిన ఫలితం ఎందుకు రాలేదన్నది అడగవలసిన మాట.

మానవీయ శాస్త్రాల్లో సిద్ధాంత గ్రంథం జాతకం చాలావరకు రిజిస్ట్రేషన్ నాడే తేలిపోతుందన్నది నా అభిప్రాయం. ఆ రోజు విద్యార్థి చేతిలో ఉన్నది ఒక రచయిత పేరా, లేక ఒక వాదమా? వాదం అని నేననేది ఆధారాలు ఎదురు తిరిగితే వీగిపోయే వీలున్నదాన్ని. ‘ఫలానావారి కథల్లో సామాజిక స్పృహ ఉంది’ అన్న మాటనే తీసుకోండి. ఏ కథ చదివితే ఈ మాట తప్పవుతుంది? ఏ కథ చదివినా కాదు. సమాజంలో ఉంటూ కథ రాసిన ప్రతివారికీ ఏదో ఒక స్పృహ ఉంటుంది. అంటే మొదటి పుస్తకం తెరవకముందే ఫలితం తెలిసిపోయింది. ఇక మిగిలిన పని ఆ ఫలితానికి ఉదాహరణలు ఏరి తేవడమే. చదవడం కాస్తా ఏరుకోవడం అవుతుంది. వరకట్నం అన్న శీర్షిక కింద నాలుగు పేరాలు, నిరుద్యోగం కింద మూడు, మధ్యలో ‘అని రచయిత చక్కగా చిత్రించారు’ అన్న వాక్యం. ఆ వాక్యం రాసిన విద్యార్థిని తప్పు పట్టలేం. అతనికి అప్పగించిన పనిలో అంతకు మించి చెప్పే సందు లేదు.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. ‘గురజాడ సాహిత్యం – సమగ్ర పరిశీలన’ చేస్తానని ఒక విద్యార్థి వచ్చాడనుకోండి. అంత పెద్దది వద్దు, కన్యాశుల్కం ఒక్కటే తీసుకో అంటారు గైడు. అప్పుడది ‘కన్యాశుల్కం – పాత్ర చిత్రణ’ అవుతుంది. సైజు తగ్గింది గానీ ప్రశ్న ఇంకా పుట్టలేదు. నాటకానికి రెండు కూర్పులున్నాయన్న సంగతిని అతను పట్టించుకున్నప్పుడే ప్రశ్న పుడుతుంది. 1892లో విజయనగరంలో ఆడిన నాటకం 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి, దాదాపు తిరగరాసి రెండో కూర్పు వెలువరించాడు. మనం చదివేదీ, రంగస్థలం మీద చూసేదీ, పరీక్షల్లో అడిగేదీ ఈ రెండోదాన్నే. తొలి కూర్పు చాలాకాలం అందుబాటులో లేదు. 1969లో బంగోరె ‘మొట్టమొదటి కన్యాశుల్కం’ పేరుతో దాన్ని మళ్లీ అచ్చు వేశాక గాని పాఠకులకు చేరలేదు. బంగోరె ఆచార్యుడు కాడు, నెల్లూరు పాత్రికేయుడు. మన పరిశోధన చరిత్రలో కీలకమైన పనులు ఎంతమంది పట్టాలు లేనివారు చేశారో లెక్క తీయడం కూడా ఒక మంచి అంశమే.

రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టి చదివితే నాటకంలోని వేశ్య మధురవాణి పాత్ర ఎంత పెరిగిందో కనిపిస్తుంది. ఆ కాలంలోనే మద్రాసు రాజధానిలో యాంటీ నాచ్ ఉద్యమం సాగుతోంది. భోగం మేళాలు జరిగే వేడుకలకు పెద్దలు హాజరు కారాదని 1893లో మద్రాసు సంస్కర్తలు గవర్నరుకూ వైస్రాయికీ విన్నపం పంపుకున్నారు. రాజమండ్రిలో వీరేశలింగం పోరు సరే సరి. వేశ్యను పెళ్లి పందిళ్ల నుంచి వెళ్లగొట్టాలని పెద్దమనుషులు అంటున్న రోజుల్లోనే గురజాడ తన నాటకంలో వేశ్యకు పెద్దపీట వేశాడు. మధురవాణి పెరగడం ఆ ఉద్యమానికి గురజాడ చెప్పిన జవాబు అని మన విద్యార్థి ప్రతిపాదించాడనుకుందాం. ఇది వీగిపోయే వీలున్న వాదం. యాంటీ నాచ్ ప్రస్తావనలు 1897 కూర్పులోనూ అంతే బలంగా ఉన్నాయని తేలితే వీగిపోతుంది. కొత్తగా చేరిన మధురవాణి సంభాషణలన్నీ హాస్యం కోసమో కథ ముడి విప్పడం కోసమో తప్ప సంస్కరణ చర్చతో పొత్తు లేనివైతే వీగిపోతుంది. గురజాడ దినచర్యల్లో, ఉత్తరాల్లో మరో కారణం కనిపిస్తే వీగిపోతుంది. ఇలా ఎన్ని వైపుల నుంచి దెబ్బ తగలవచ్చో తెలిసిన విద్యార్థికి ఏం చదవాలో కూడా తెలుస్తుంది. కూర్పులు రెండూ ఉన్నాయి. గురజాడ రచనలూ లేఖలూ దినచర్యలూ ‘గురుజాడలు’ సంకలనంగా 2012లో వచ్చాయి. 1890లో మద్రాసులో మొదలైన ఇండియన్ సోషల్ రిఫార్మర్ పత్రిక ఉంది, వీరేశలింగం స్వీయచరిత్ర ఉంది. అధ్యాయాలు వాటంతట అవే కుదురుతాయి. ‘నాటకం – ఆవిర్భావ వికాసాలు’ అన్న అధ్యాయానికి ఇందులో చోటే ఉండదు. ఎవరూ దాని లోటు గమనించరు కూడా.

అదే నాటకం చరిత్ర విద్యార్థికి మరో ప్రశ్న అందిస్తుంది. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల పాటు జరిగిన బ్రాహ్మణ శుల్క వివాహాల జాబితా తయారు చేయించారని, ఆ లెక్క 1,034కు చేరిందని తొలి కూర్పు ముందుమాటలో గురజాడ రాశాడు. కన్యాశుల్కం మీద రాసేవారు ఈ సంఖ్యను తరచూ ఎత్తి రాస్తారు, రాసి ముందుకు సాగిపోతారు. ఆ జాబితా ఎవరు రాశారు, ఏ ఊళ్లు తిరిగారు, శుల్కం పుచ్చుకున్న సంగతి ఇంటివారు ఒప్పుకున్నారా లేక ఇరుగుపొరుగులు చెప్పారా, చెల్లించిన సొమ్మును బట్టి లెక్క కట్టారా పిల్ల వయసును బట్టా? ఇలా అడిగితే సంఖ్య అలంకారం స్థానం నుంచి దిగి సాక్షి బోను ఎక్కుతుంది. ఆ ప్రశ్నలన్నిటికీ జవాబు దొరక్కపోవచ్చు. దొరికినంత మేరకు సంఖ్యను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పగలిగితే అది ఆ నాటకం మీద వచ్చిన చాలా ప్రశంసల కన్నా పనికొచ్చే మాట.

ఒకరు రాసింది మరొకరు ఎత్తి రాసే అలవాటు ఎంత దూరం పోతుందో చెప్పడానికి తెలుగు కథ చరిత్ర ఒక్కటి చాలు. గురజాడ ‘దిద్దుబాటు’ 1910 ఫిబ్రవరి ‘ఆంధ్రభారతి’లో వచ్చింది. అదే తొలి తెలుగు కథ అన్న వాక్యం పాఠ్యపుస్తకాల్లోకి, అక్కడి నుంచి సిద్ధాంత గ్రంథాల మొదటి అధ్యాయాల్లోకి దిగి స్థిరపడింది. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లోనే ‘హిందూసుందరి’లో అచ్చయి ఉంది. పాత పత్రికల పుటలు తిప్పినవారు అది చూపించాక ఆ వాక్యం కదిలింది. దిద్దుబాటే తొలి ఆధునిక కథ అని నిర్వచనం ఆధారంగా వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు, వాదించవచ్చు కూడా. నేను చూపదలచింది వేరు. ఆ వాక్యాన్ని తిరగరాసిన ఎందరో విద్యార్థుల్లో ఒక్కరు దాన్ని వీగిపోయే వీలున్న వాదంగా చూసి ఉంటే, 1910కి ముందటి పత్రికలు తిరగేయడం వారి మొదటి పని అయ్యేది. ఆవిర్భావ వికాసాల అధ్యాయం నాకు నచ్చకపోవడానికి కారణం దాని పొడవు కాదు. ఎవరూ పరీక్షించని మాటలు తరం నుంచి తరానికి నిక్షేపంగా చేరేది ఆ దారినే.

దీనికి పెద్దల నుంచి వచ్చే మొదటి ఆక్షేపణ బలమైనదే. మన పరిశోధనకు పునాదులు వేసిన గ్రంథాలు విశాలమైనవే కదా అంటారు. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ మీద 1956లో ఉస్మానియాలో పట్టా పుచ్చుకున్నారు. ఎస్వీ జోగారావు యక్షగానాల చరిత్ర మొత్తం తలకెత్తుకున్నారు. సి. నారాయణరెడ్డి ఆధునిక కవిత్వం అంతటినీ తీసుకున్నారు. వారికి చెల్లింది నేటివారికి ఎందుకు చెల్లదు? ఆ శీర్షికల వెనక ఉన్న పరిస్థితి గుర్తు తెచ్చుకోవాలి. రామరాజు పని మొదలుపెట్టేనాటికి నేదునూరి గంగాధరం వంటివారు పాటలు సేకరిస్తున్నారు గానీ, నిరక్షరాస్యుల పాటలకు సాహిత్య చరిత్రలో స్థానం ఉందని విశ్వవిద్యాలయం ఒప్పుకున్న దాఖలా లేదు. పాటల్ని పోగేసి, వర్గీకరించి, ఇది సాహిత్యమే అని నిలబెట్టడం ఆనాడు ఒక వాదం, అదీ ఓడిపోయే ప్రమాదం బాగా ఉన్న వాదం. జోగారావు ముందు యక్షగాన ప్రతులు అనేక చోట్ల చెల్లాచెదురుగా ఉన్నాయి. ఏవి ఉన్నాయో తేల్చడమే అక్కడ ప్రశ్న. నారాయణరెడ్డి శీర్షికలో ‘సంప్రదాయములు, ప్రయోగములు’ అన్న మాటలు చూడండి. ఆధునిక కవిత్వాన్ని ఆ రెంటి నడుమ పెట్టి చూడాలన్న ప్రతిపాదన శీర్షికలోనే ఉంది. వారు విశాలమైన నేల తీసుకున్నారు, నిజమే. ఆ నేలలో ఎవరూ అంతకు ముందు సరిహద్దు రాళ్లు పాతలేదు. పాతిన రాళ్ల మధ్య మళ్లీ మొత్తం కొలుస్తానంటే కొత్తగా తేలేదేమీ ఉండదు. పూర్వుల నుంచి శీర్షిక వెడల్పును తీసుకుని, వాదాన్ని వదిలేశాం.

చిన్న ప్రశ్న పట్టుకున్నవాడు చిన్న పండితుడిగానే మిగిలిపోతాడన్నది రెండో ఆక్షేపణ. ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో నన్నయ నుంచి నేటి దాకా అడుగుతారు, ఒక నాటకం రెండు కూర్పుల తేడాలు చెబితే ఎవరు వింటారు అని విద్యార్థులే అంటారు. ఇంటర్వ్యూ సంగతి ఇంటర్వ్యూదే. దానికి ఎం.ఏ. చదువు, నెట్ చదువు ఉన్నాయి. పాండిత్యం సంగతి మాత్రం చరిత్ర వేరేగా చెబుతోంది. కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’ 1914లో వచ్చింది. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని పట్టుకుని చేసిన విచారణ అది. తెలుగు విమర్శ మొత్తం ఎటు నడవాలన్న గొడవ ఆ ఒక్క కావ్యం మీద చర్చతోనే రగిలింది, ఆయనతో ఏకీభవించనివారు కూడా ఆయన వేసిన ప్రశ్నలకే జవాబులు వెతికారు. భద్రిరాజు కృష్ణమూర్తి 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందింది తెలుగు ధాతువుల మీద. భాష మొత్తం కాదు, క్రియాధాతువులు. ఆ గ్రంథం 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం ద్వారా వెలువడింది. తెలుగు ధాతువుల నిర్మాణం తేల్చాలంటే సోదర భాషల్లో వాటి సాటి రూపాలు చూడాలి. అలా చూస్తూ పోయిన దారి 2003లో కేంబ్రిడ్జి ప్రచురించిన ద్రావిడ భాషల బృహద్గ్రంథం దాకా సాగింది. ఈ లోగానే 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం ఆయన చేతి మీదుగా వచ్చింది. ఇరుకు దారిలో నడిచినవారికి ఎదురయ్యే ఊళ్లు ఎక్కువే.

సాహిత్యం ప్రయోగశాల కాదు, వాదం వీగిపోవడం అన్న భాష సైన్సు నుంచి అరువు తెచ్చుకున్నది, కావ్యానికి ఒక్కటే అర్థం ఉండదు కదా అని మరికొందరంటారు. కావ్యానికి అనేకార్థాలుంటాయన్నది నిజమే. అంతమాత్రాన ఏ అర్థమైనా చెల్లుతుందని కాదు. ఫలానా సన్నివేశం 1892 నాటి ఒక సంఘటనకు స్పందన అని ఎవరైనా అంటే, ఆ సన్నివేశం 1897 కూర్పులో లేదని చూపితే ఆ వ్యాఖ్యానం కనీసం కుంటుపడుతుంది. ఒక ప్రతిలో పాఠభేదం, ఒక పత్రికలో తేదీ, ఒక శాసనంలో పంక్తి వ్యాఖ్యానాన్ని కూల్చిన సందర్భాలు మన సాహిత్య చరిత్రలో కొల్లలు. వేటూరి ప్రభాకరశాస్త్రి, మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటివారి పని అంతా ఆ పద్ధతిలో నడిచిందే. రసాస్వాదనకు ఈ కట్టుబాటు అక్కర్లేదు, వ్యాసానికీ అంతగా అక్కర్లేదు. పట్టా అడిగే గ్రంథానికి కావాలి.

ఇంకొక ఆక్షేపణకు మాత్రం నేను సగం తలవంచుతాను. స్త్రీలు, దళితులు, ప్రధాన పత్రికల్లో పేరు రానివారు రాసిన సాహిత్యానికి ఇంకా సరైన గ్రంథసూచి కూడా లేదు. అటువంటి రచయితపై ముందు సమగ్రంగా సమాచారం పోగుచేయకపోతే ప్రశ్న ఎక్కడి నుంచి పుడుతుంది? నిజమే. అచ్చమాంబ 1905లోనే, ముప్ఫై ఏళ్లు దాటుతుండగానే పోయింది. ఆమె ఎక్కడెక్కడ ఏమి రాసిందో పత్రికలు వెతికి, తేదీలు సరిచూసి ఒక్కచోట పెట్టడం తనంతట తానే పరిశోధన. ఇటువంటి చోట గ్రంథసూచి, పాఠ పరిష్కరణ సిద్ధాంత గ్రంథంగా అంగీకరించాలి. అప్పుడు దాన్ని అలాగే పిలవాలి, అలాగే పరీక్షించాలి. ప్రతి తేదీకీ పత్రిక సంచిక చూపాలి, చూడని సంచికను చూడలేదని రాయాలి. పాఠం సంపాదించడం మానేసి, దొరికిన నాలుగు కథల చుట్టూ ‘స్త్రీ చైతన్యం’ అన్న అధ్యాయం అల్లడం ఆ రచయితకు రెండోసారి చేసే అన్యాయం.

ప్రశ్న ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసింది ఆధారాలు అందుబాటులో ఉన్నాయా అన్నది. ఇటాలియన్ రచయిత ఉంబెర్టో ఎకో 1977లో తన దేశపు విద్యార్థుల కోసం సిద్ధాంత గ్రంథం ఎలా రాయాలో ఒక పుస్తకం రాశాడు. అక్కడ డిగ్రీ పూర్తి చేయాలంటేనే గ్రంథం రాయాలి. ఉద్యోగాలు చేసుకుంటూ, పెద్ద నగరాల గ్రంథాలయాలకు వెళ్లలేని విద్యార్థులు ఎందరో ఉన్న కాలం అది. అంశం అభ్యర్థి అభిరుచికి తగ్గదై ఉండాలి, మూలాలు చేతికి అందాలి, అందిన మూలాలను చదివి అర్థం చేసుకునే చదువు అతనికి ఉండాలి, ఎంచుకున్న పద్ధతి అతని అనుభవానికి లోబడాలి అన్నది అతని హితవు. తన సొంత ఊరు అలెస్సాండ్రియా గ్రంథాలయంలో కూర్చుని, బరోక్ కాలపు ఇటాలియన్ అలంకారశాస్త్రంలో రూపకం మీద గ్రంథం రాయాలంటే ఆ చిన్న ఊళ్లో ఎన్ని పుస్తకాలు దొరుకుతాయో స్వయంగా వెతికి చూపించాడు. చిన్న ఊళ్లోనూ పని మొదలవుతుందని ఆ ప్రయత్నం నిరూపించింది. మన దగ్గర వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం ఉంది, రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉంది, హైదరాబాదులో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన పాత పత్రికలు, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పుస్తకాలు ఇంట్లో కూర్చుని చూడవచ్చు. ఆ డిజిటల్ జాబితాల్లో తెలుగు పేర్లకు పట్టిన ఇంగ్లీషు స్పెల్లింగులు భరించే ఓపిక మాత్రం ఉండాలి. విద్యార్థి సినాప్సిస్ రాయకముందు ఇలాంటి చోట ఒక నెల గడిపితే, తన వాదానికి ఏది దొరుకుతుందో ఏది దొరకదో తెలుస్తుంది. మన శాఖల్లో జరిగేది తలకిందులు. సినాప్సిస్ ముందు, గ్రంథాలయం తరవాత.

రాత విషయానికి వస్తే, విషయసూచికను మొదటి రోజే రాయమని ఎకో చెప్పడం నాకు నచ్చుతుంది. అది ఆఖరి మాట అని కాదు, వాదం ఏ దారిన నడుస్తుందో ఇప్పటికి తెలిసినంత మేరకు గీసుకున్న పటం. దారి మారినప్పుడల్లా దాన్ని కొట్టేసి మళ్లీ రాయాలి. మొదట రాయవలసిన అధ్యాయం మొదటి అధ్యాయం కానక్కర్లేదు. కన్యాశుల్కం ఉదాహరణలో రెండు కూర్పుల పోలికే మొదట రాయాలి. వాదం నిలిచేదీ పడేదీ అక్కడే. పీఠిక చివర రాయడమే మంచిది. నోట్సు రాసుకునేటప్పుడు ఒకే కార్డు మీద, లేదా ఫైల్లో ఒకే చోట, మూడు సంగతులు విడివిడిగా ఉండాలి. మూలంలోని మాటలు పుట సంఖ్యతో సహా యథాతథంగా ఒకటి, వాటి సారాంశం మన మాటల్లో రెండోది, దాని మీద మనకు తోచింది మూడోది. ఈ మూడూ కలిసిపోతే, రెండేళ్ల తరవాత ఏది తనదో ఏది పరులదో విద్యార్థికే తెలియదు. చాలా గ్రంథచౌర్యాలు దొంగబుద్ధితో కాక ఈ అజాగ్రత్తతో జరుగుతాయి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక పది శాతం దాటితే గ్రంథం వెనక్కి వస్తుంది, అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఆ శాతం తేల్చే సాఫ్ట్‌వేరు చూసేది వాక్యాల పోలికనే. పరుల వాదాన్ని మన మాటల్లో తిరగరాస్తే అది పట్టదు. అను ఫాంట్లలో డీటీపీ చేసిన పాత గ్రంథాల్ని యూనికోడ్ మాత్రమే చదివే యంత్రం అసలే చదవలేదు. చివరికి కాపలా కాయవలసింది ఆ కార్డే. ఇక భాష. ‘పరిశీలించడం జరిగింది’, ‘తెలియజేయడమైనది’, ‘చెప్పుకోదగినదిగా భావించవచ్చును’ వంటి వాక్యాలు నిండిన గ్రంథంలో ఎవరూ ఏ పనీ చేయరు, పనులు వాటంతటవే జరిగిపోతుంటాయి. ‘నేను రెండు కూర్పులు పోల్చాను, ఈ తేడా కనిపించింది’ అని రాసిన విద్యార్థి ఆ మాటకు పూచీ పడుతున్నాడు. తప్పయితే పట్టుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు.

వ్యవస్థ ఇందుకు సహకరించదన్న మాటలో నిజముంది. యూజీసీ 2022 నిబంధనలతో ఎం.ఫిల్. పోయింది. ఒక చిన్న ప్రశ్నను ఏడాదిలో ఇటునుంచి అటు నడిపి చూసే అభ్యాసం దానితోనే పోయింది. ఇప్పుడు ఎం.ఏ. నుంచి, కొందరైతే నాలుగేళ్ల డిగ్రీలో డెబ్భై ఐదు శాతం తెచ్చుకుని నేరుగా పిహెచ్.డి.లోకి వస్తారు. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. అందులో కోర్స్ వర్కు, ఫెలోషిప్పు అందేదాకా ఎదురుచూపు, కొందరికి కాంట్రాక్టు లెక్చరర్ ఉద్యోగం. ఇంత తక్కువ వ్యవధిలో సమగ్ర పరిశీలన అసాధ్యం కనకనే చిన్న ప్రశ్న కావాలంటున్నాను. దీనికి పెద్ద సంస్కరణలూ అక్కర్లేదు. సినాప్సిస్ ఫారంలో మరో అరపేజీ చేరిస్తే చాలు. ఏ ఆధారం దొరికితే నా వాదం తప్పవుతుంది అన్నదానికి జవాబు అక్కడ రాయాలి. రాయలేకపోతే ప్రశ్న ఇంకా దొరకలేదని విద్యార్థికీ గైడుకీ అక్కడికక్కడే తెలుస్తుంది, నాలుగేళ్లు ఆగనక్కర్లేదు.

ఆ అరపేజీకి ఒక పర్యవసానం ఉంది, దానికి ఆచార్యులు సిద్ధపడాలి. కొన్ని వాదాలు నిజంగానే వీగిపోతాయి. కన్యాశుల్కం విద్యార్థి మూడేళ్లు కూర్పులు పోల్చి, మధురవాణి పెరుగుదలకు యాంటీ నాచ్ ఉద్యమంతో సంబంధం తేలలేదు, మార్పులన్నీ నాటక నిర్మాణం కోసం చేసినవిగానే కనిపిస్తున్నాయి అని రాసి తెచ్చాడనుకోండి. మనకు అలవాటైన కొలబద్దతో చూస్తే అది విఫలమైన గ్రంథం, ‘కొత్తగా కనుక్కున్నదేమిటి’ అని వైవాలో అడిగితే చెప్పడానికి పెద్దగా ఏమీ కనిపించదు. ఆ భయంతోనే విద్యార్థులు ఓడిపోని అంశాలు ఎంచుకుంటున్నారు, గైడ్లు ఎంచి ఇస్తున్నారు. పోల్చినవాడు సంభాషణ సంభాషణకూ తేడా చూపాడా, తనకు ఎదురు తిరిగిన ఆధారాన్ని దాచకుండా పెట్టాడా, తరవాత వచ్చేవాడు ఆ పని మళ్లీ చేయనక్కర్లేకుండా చేశాడా అని బయటి పరీక్షకులిద్దరూ తమ నివేదికల్లో రాయగలిగితే చాలు. అంతవరకు అవునని తేలితే, అతను అనుకున్నది తేలకపోయినా పట్టా ఇవ్వడానికి సంకోచించనక్కర్లేదు.